నాయన కడవ మీద స్పీకరు బోర్లించిన ఆదివారం

మా చిన్నతనంలో ఒక ఆదివారం మధ్యాహ్నం... కె.జి.ఎఫ్. బంగారు గనుల్లో, పనివాళ్ళ ఇళ్ళుండే మైనింగ్ లైన్లలో పక్కింటి మునెమ్మక్క దగ్గర కూర్చుని కనకాంబరాలు కడుతున్నాను. ఉన్నట్టుండి గోడ అదిరింది. గూట్లోని స్టీలు లోటాలు ఒకటొకటే జారి కింద పడ్డాయి. ధమ్... ధమ్... అని ఆగకుండా.

గని లోపల రాయి పగిలితే పైన మా ఇళ్ళు అదరడం మాకు కొత్త కాదు. అదిరిందంటే చాలు, పొయ్యి మీది సంగటి పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్ళు గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు... తమ మనిషి పైకి వస్తాడో రాడో అని.

మునెమ్మక్క భర్త ఆ పూట షిఫ్టులో ఉన్నాడు. "అయ్యో దేవుడా, మా ఆయన లోపలుండాడే!" అని పూలు విసిరేసి, చెప్పులు కూడా లేకుండా ఉరికింది. ఆమె వెనకే లైనులోని ఇంకో నలుగురు.

మా నాయనకూ గనిలోనే పని, కానీ ఆ రోజు సెలవు. ఆయనకు చెప్పాలని మా ఇంట్లోకి పరుగెత్తాను... గడపలోనే నిలబడిపోయాను.

అమ్మ కొత్తగా కొన్న నీళ్ళ కడవ ఒకటి గోడకు ఆనించి ఉంది. దాని మూతి మీద పెద్ద స్పీకరు బోర్లించి ఉంది. ముళబాగిలులో ఏదో పాత లారీ నుంచి ఊడదీసినదట, వారం ముందే నాయన తెచ్చాడు. కడవ మీద పెడితే డోలు దెబ్బ గుండెకు తగులుతుందని ఎవరో చెప్పారట. నాదస్వరం, డోలు క్యాసెట్టు పెట్టి సౌండు చివరిదాకా తిప్పేశాడు. మాకూ మునెమ్మక్కకూ మధ్య ఉన్నది ఒకటే గోడ...

అదిరింది గని కాదు. మా కడవ!

నాయన వాకిలికి వీపు పెట్టి, అరచేయి కడవ మీద ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. బయట ఆడవాళ్ళ ఏడుపులు. "నాయనా, ఆపు!" అని అరిచాను. తిరగలేదు. దగ్గరికి పోయి గొంతు చించుకుని అరిచాను. తల కూడా కదల్లేదు.

కొళాయి దగ్గర నుంచి అమ్మ పరుగున వచ్చి ప్లగ్గు పీకేసింది. నాయన కళ్ళు తెరిచి, చేతి కింద కడవను చూసుకున్నాడు. "కరెంటు పోయినాదా?" అన్నాడు.

అమ్మ ఆయన వెనకే నిలబడి, మెల్లగా, "ఏమయ్యా..." అంది.

ఆయన కడవను వేళ్ళతో తట్టి చూస్తున్నాడు.

"ఏమయ్యా, నీకు వినపడలేదా?"

ఊహూ... ఆయన ప్లగ్గు వైపు చూస్తున్నాడు. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

అంతలో షాఫ్టు దాకా పోయినవాళ్ళు, గనిలో ఏమీ కాలేదని తెలిసి తిరిగి వచ్చారు. మునెమ్మక్క రొప్పుతూ మా వాకిట్లోనే కూలబడి, లోపల కడవనూ స్పీకరునూ చూసింది. "ఏమప్పా, నా తాళి తెగినాదనుకొంటిని కదప్పా! కడవలో ఏం పెట్టినావు, గనినే పెట్టినావా?" అని ఏడుస్తూనే నవ్వింది. నాయన ఆమె పెదవులనే చూస్తూ తానూ నవ్వాడు. ఆ నవ్వు చూశాక మాకు ఇంక అనుమానం లేకపోయింది.

మూడేళ్ళుగా ఆయనకు ఈ పిచ్చి. మొదట రేడియో, తర్వాత టేపు, ఆ తర్వాత ఆంప్లిఫయరు... ఎప్పుడూ ఇంకొంచెం పెద్దది, ఇంకొంచెం గట్టిది. మగవాళ్ళకు ఇదొక మోజు అనుకున్నాం. ఏళ్ళ తరబడి గనిలో డ్రిల్లింగ్ మిషను మోత విన్న చెవులు మూసుకుపోతున్నాయని, ఆ మూసుకుపోయే చెవులను వెంబడిస్తూ ఈయన స్పీకర్లు మారుస్తున్నాడని... ఒకే గదిలో పడుకునే మాకు తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మ ఎదురుగా కూర్చుని అడిగింది. "రాయి పడే ముందు చిటపటమంటాదని, అది విని పరుగెత్తాలని నువ్వే కదా చెప్పినావు. అది వినపడకనే లోపలికి పోతా ఉండావా?"

నాయన మామూలు సంగతి చెప్పినట్టు అన్నాడు: "పక్కనోళ్ళ మొగాలు చూస్తా ఉంటాను. వాళ్ళు ఉరికితే నేనూ ఉరుకుతాను."

ఆ మాట నాకు ఈ రోజుకీ చెవుల్లోనే ఉంది.

అమ్మ లేచి ఆయన బూట్లు, టోపీ తీసుకుపోయి దేవుడి పటం ముందు పెట్టి, పక్కనే కూర్చుంది. "కావాలంటే స్వామిని దాటుకొని తీసుకో పో."

దాటలేదు. మర్నాడు గని ఆసుపత్రికి పోయి నిజం చెప్పాడు. పైన సామాన్ల స్టోరులో పని ఇచ్చారు. లోపలి పని చేసిన మనిషికి అది చిన్నతనమే... తోటివాళ్ళు ఎగతాళి చేశారు కూడా. ఆ మూడేళ్ళూ ఆయన మీద రాయి పడకుండా చూసిన స్వామికి నేను మాత్రం రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

స్పీకర్ల పిచ్చి మాత్రం పోలేదు. ఆయన స్క్రూ తిప్పేవాడు, నేను వినేదాన్ని. "ఇప్పుడెట్లుండాది పాపా?" అనేవాడు. "డోలు బాగుంది నాయనా, నాదస్వరమే గీరుతోంది" అని ముఖానికి ముఖం పెట్టి చెప్పేదాన్ని. ఆయన చెవులు నేనే అయ్యాను. అట్లా అంటుకుంది నాకు ఈ పిచ్చి. ఇప్పుడు మా పూజగదిలో దేవుళ్ళ కంటే స్పీకర్లే పెద్దవని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ...

ఈ కాలంలో ఎవరి పాట వాళ్ళ చెవుల్లోనే. భోజనాల దగ్గర కూడా. పిలిచినా పలకకపోతే, పాట వింటున్నారులే అని మనమూ ఊరుకుంటున్నాం.

మీ ఇంట్లో రేడియోనో టేపో మొదట తెచ్చి, దాని చుట్టూ తిరిగిన మనిషి ఎవరు? తీరికగా రాయండి, అన్నీ చదువుతాను. ఆ మనిషి ఇంకా మీతోనే ఉంటే మాత్రం... రాసే ముందు, వెనక నిలబడి ఒక్కసారి మెల్లగా పిలిచి చూడండి.