గాజు మీద అప్పలస్వామి పేరు

మొన్న మనవరాలి ఫొటోకు ఫ్రేము కట్టించడానికి వెళ్తే, అక్కడ మూత తీసి ఉన్న వార్నిష్ డబ్బా వాసన నన్ను విజయనగరంలో మా మేనత్త రాములమ్మ బొమ్మల కొట్టుకు లాక్కుపోయింది. అరవయ్యో దశకం చివరి రోజులవి. నాకు పదకొండేళ్ళు. వానాకాలమంతా ఆ కొట్టులో అవిసె నూనె, తడిసిన గోనె, పక్క దుకాణంలో వేగే శనగలు కలిసి ఒకటే వాసనగా ఉండేది. మేం పిల్లలం గచ్చు మీద గవ్వలాడుకుంటుంటే అత్త ముక్కుపొడుం పీల్చి, గోడనున్న దేవుళ్ళ గాజు పటాలను పాత పంచె ముక్కతో ఒక్కొక్కటే తుడిచేది.

వాటిని గీసేది శృంగవరపుకోట అప్పలస్వామి. గాజు పలకకు వెనకవైపు రంగులు వేస్తాడు, మనం ముందువైపు నుంచి చూస్తాం. అందుకని పైకి కనబడాల్సిన కళ్ళు, నగలు ముందు గీసి, ఆ తర్వాత ముఖం, చీర, ఆఖరున ఆకాశం వేయాలి. జమీందార్లున్నన్నాళ్ళూ వాళ్ళు కొనేవారు. వాళ్ళ కాలం పోయింది. షావుకార్ల పూజగదుల్లోకి అచ్చు క్యాలెండర్లు ఊరికే వచ్చిపడ్డాయి.

దసరాకు ముందు విశాఖపట్నం నుంచి నూకరాజనే బేరగాడు వచ్చాడు. కలకత్తా ధనవంతులు పాత బొమ్మల కోసం ఎగబడుతున్నారని, మిగతా కొట్లవాళ్ళు కొత్తవాటికే పొగ పెట్టి పాతవాటిలా చేసి ఇస్తున్నారని చెప్పాడు.

"నువ్వూ పొగెట్టించత్తా. వందేళ్ళనాటివని సెప్పి అన్నీ నానే అట్టుకుపోతాను. నేకపోతే ఈ ఏడుతో కొట్టు మూసుకోడవే."

"గీసినోడు బతికే ఉన్నాడు గదరా! ఆణ్ణి వందేళ్ళ కిందటే సంపీమంటావేటి?"

"ఆడి పేరెవుడికి తెలుసు?"

గ్రంథాలయంలో దీపాలు ఆర్పేదాకా కూర్చునేదాన్ని నేను. ఇతర దేశాల్లో చిత్రకారులు బొమ్మ మూలన పేరు రాస్తారని అక్కడే చదివాను. నోరు ఊరుకోక చెప్పేశాను. అత్త నా వైపు తిరిగి, "అయితే నువ్వు రాయే" అంది.

అప్పలస్వామికి చదువు రాదు. పైగా వెనకనుంచి రాసే పేరు ముందుకు సరిగ్గా కనబడాలంటే తిరగేసి రాయాలి. అద్దం ముందు పలక పెట్టుకుని నాలుగు రోజులు దిద్దాను. ఖాళీ గాజు మీద మొట్టమొదట అతని పేరు, ఊరు రాసి ఇచ్చాను. బొమ్మంతా దానిమీదే గీశాడు. పేరు గీకేయాలంటే ముందు బొమ్మను గీకాలి. ఆ అక్షరాల మీద వేలు ఆనించి, "ఏటమ్మా, ఇది నానేనా?" అన్నాడు.

నూకరాజు మళ్ళీ వచ్చి, బొమ్మల మీద పేరు చూసి, ఒక్కటీ కొనకుండా విసవిసా వెళ్ళిపోయాడు.

అత్త బెదరలేదు. దసరా వెళ్ళాక అమ్మవారి సిరిమాను పండగనాడు బెల్లం జీళ్ళ తట్టలకూ చెరకు గడల గుట్టకూ మధ్య గోనె పరిచి బొమ్మలు పెట్టింది. నెల్లిమర్ల జనపనార మిల్లు కార్మికుడొకడు కూడబలుక్కుని పేరు చదివాడు.

"శృంగవరపుకోట అప్పలస్వామా? మనోడేనే! మా పిల్ల పేరు కూడా రాయిస్తావేటి?"

"రాయిస్తాను. ముందు గీసినోడి పేరు, దాని కింద నీ కూతురి పేరు."

ఆ మాట జాతరంతా పాకింది. కార్మికులు, రైతులు తమ పిల్లల పేర్లు చెప్పి మరీ బొమ్మలు అడిగారు. చలికాలమంతా నా వేళ్ళు అవిసె నూనె కంపే. అత్త బతికున్నంతకాలం కొట్టు నిలిచింది.

ఇప్పుడా వీధిలో బొమ్మల కొట్టు ఒక్కటీ లేదు, గాజు మీద గీసే చెయ్యీ లేదు. నిరుడు హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో పొగచూరిన గాజు బొమ్మ చూపించి, "పల్లెటూరి చిత్రకారులు పేర్లు రాసుకునేవాళ్ళు కాదండీ" అన్నాడు అమ్మేవాడు.

"రాసుకునేవాళ్ళు," అన్నాను. "నేనే రాసిచ్చాను."