పండుకున్నదా?

నిన్న పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణదారు ఎండకు వెచ్చబడ్డ చిన్న గాజుసీసా నా చేతిలో పెట్టి, వాసన చూడమన్నాడు. నేను వాసన సంగతి మరిచి, గుప్పిట మూసి, గోడ గడియారం కేసి చూస్తూ నిలబడిపోయాను. నాకేదో దయ్యం పట్టిందనుకుని అతను వెనక్కి జరిగాడు. పట్టిన మాట నిజమే. దాని పేరు రూతమ్మ సిస్టర్.

పంతొమ్మిది వందల యాభైల్లో, పాతబస్తీలోని ఒక ప్రసూతి వార్డులో నేను నర్సు పని నేర్చుకుంటున్నప్పుడు ఆవిడ మాకు పెద్ద. ఆవిడ దగ్గితే మలక్‌పేటలో పందెపు గుర్రాలు వరసలో నిలబడేవి. కాన్పు కాకముందే నెత్తురు పోతున్న తల్లి వస్తే, ఆమె రక్తం కాస్త గాజు గొట్టంలోకి తీసి నా గుప్పిట్లో పెట్టేది. ఒంటి వేడి తగలాలి, ఊపకూడదు. ఏడు నిమిషాల్లో గడ్డకట్టకపోతే, ఆ తల్లికి నెత్తురు దానంతటది ఆగదన్నమాట. గడ్డకట్టిందా అంటే తల్లులు బెదిరిపోతారని, సిస్టర్ "పండుకున్నదా?" అని అడిగేది.

ఒక మధ్యాహ్నం సత్తెమ్మను తెచ్చారు. కడుపు బండలా బిగిసింది. బయటికి కనబడే రక్తం కొంచెమే, పోయేదంతా లోపలే. ఎనిమిదో నిమిషంలో గొట్టం వంచితే లోపలిది టీ నీళ్లలా జారింది. నేను గొట్టాన్ని సబ్బుతో కడిగి సరిగా జాడించలేదేమోనని సిస్టర్ అనుమానం; సబ్బు మిగిలితే మంచి రక్తమూ గడ్డకట్టదు. అదే పళ్లెంలోని ఇంకో గొట్టంలో నా రక్తం తీసి, ఎడమ గుప్పిట్లో పెట్టింది. నా రక్తం నాకంటే సోమరి, ఆరు నిమిషాలకే ముద్దయింది. కుడి గుప్పిట్లోని సత్తెమ్మది మాత్రం కళ్లు తెరిచి నన్నే చూస్తున్నట్టుంది. పైన తిరిగే ఫ్యాను కూడా ఊపిరి బిగబట్టిందని ఒట్టేసి చెబుతాను.

"పండుకున్నదా?" అంది సిస్టర్.

నేను నోరు తెరిచేలోపే, కడుపు మీద చెయ్యి వేసుకుని సత్తెమ్మ జవాబిచ్చింది.

"పండుకున్నదమ్మా. పొద్దుగాల సంది కదుల్తలేదు. లేపకుండ్రి."

ఆ బిడ్డ గుండె ఇక కొట్టుకోవడం లేదని సిస్టర్‌కు అప్పటికే తెలుసు. వంగి, నేనెన్నడూ వినని గొంతుతో అంది:

"లేపం బిడ్డా. నువ్వు మాత్రం పండుకోకు."

వెంటనే డాక్టరమ్మకు కబురంపింది. అప్పటికప్పుడు తీసిన రక్తం ఎక్కించాలి. గ్రూపు కలిసిన మొదటి చెయ్యి సిస్టర్‌దే. సాయంత్రానికి సత్తెమ్మ రక్తం తీసిన నాలుగో గొట్టం నా గుప్పిట్లో గడ్డకట్టింది. సత్తెమ్మ బతికింది. బిడ్డ సంగతి సిస్టరే, ఆమె పక్కన కూచుని చెప్పింది. ఆ రోజు తర్వాత వార్డులో "పండుకున్నదా?" అన్న మాట వినబడలేదు. సిస్టర్ "కట్టిందా?" అనే అడిగేది.

నేనూ ఇప్పటిదాకా ఏ ఇంట్లోనూ ఆ ప్రశ్న అడగలేదు. ఉయ్యాల కదలకుండా ఉంటే దగ్గరికి పోయి, చెవి ఆనించి, ఊపిరి వినబడకపోతే అరికాలు గిల్లుతాను. పాప కేర్‌మంటుంది. తల్లులు నన్ను తిడతారు. హాయిగా తిట్లు తింటాను.