మిల్లీమీటర్ గారి నాలుగో వరుస

ఆయన అసలు పేరు వర్క్‌షాపులో ఎవరికీ గుర్తులేదు. ముప్పై నాలుగేళ్లు లేత్ మెషీన్ మీద ఇనుము చెక్కిన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ ముక్కను చెత్త డబ్బాలో పడేసి కొత్తది మొదలుపెట్టేవాడు. అందుకే అందరికీ మిల్లీమీటర్ గారయ్యాడు. పని సగంలో ఉండగా ఎవరైనా తొంగిచూస్తే గుడ్డ కప్పేసి, "అయ్యాక చూద్దురుగాని" అనేవాడు. జరిగిందంతా ఆ ఒక్క మాట చేసిన నిర్వాకమే.

ఆయన భార్య ఇరవై ఎనిమిదేళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసింది. ఆ హోరు ఆవిడ చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ఉన్న కాస్త వినికిడీ ఏడాది లోపే పోవచ్చని, చెవికి మిషను పెట్టినా లాభం ఉండదని డాక్టరు చెప్పాడు. బస్సులో ఇంటికొస్తూ ఆవిడ ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ, "మా బళ్లో ఒక పియానో ఉండేదండీ. టీచరుగారి కూతురు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నాకోసం ఎవరైనా ఒక్క పాట వాయిస్తే బాగుండుననుకునేదాన్ని" అంది. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఆ వారంలోనే మిల్లీమీటర్ గారు కాలేజీలో సాయంత్రం పూట నడిచే పియానో క్లాసులో చేరాడు. పద్నాలుగు వారాల క్లాసు. మిగతావాళ్లంతా మీసాలు మొలుస్తున్న కుర్రాళ్లూ, జడలూపుకుంటూ వచ్చే పిల్లలూ. గదిలో పన్నెండు ఎలక్ట్రిక్ పియానోలు, పన్నెండు హెడ్‌ఫోన్లు. ఎవరి వాయింపు వాళ్లకే వినిపిస్తుంది. గుమ్మంలోంచి చూసేవాడికి పన్నెండుమంది నోరెత్తకుండా బల్లలు తడుముకుంటున్నట్టుంటుంది. మేడం మాత్రం తన బల్ల దగ్గర స్విచ్చులు నొక్కి ఒక్కొక్కరినీ వింటుంది. తప్పులు బయటపడని ఈ ఏర్పాటు చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు. లెక్క తేలికే. కానీ ఆయన వేళ్లు ఒక మెట్టు నొక్కబోతే రెండు పలికేవి. పక్క సీటు పిల్ల నవ్వాపుకోలేక, "బాబాయ్, అది బోల్టు కాదు, బిగించక్కర్లేదు" అనేది. ఆయనా నవ్వేవాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు కదా, ఐదు వారాల్లో నాలుగు వరుసల పాటలో మూడు వరుసలు లొంగాయి. నాలుగో వరుసలో బొటనవేలిని మధ్యవేలి కిందనుంచి దూర్చాలి. అక్కడ తడబడేవాడు. తడబడగానే ఆగి, మళ్లీ మొదటి వరుసకు వెళ్లేవాడు.

ఒకరోజు మేడం వచ్చి ఆయన హెడ్‌ఫోన్లు తీయించింది.

"తప్పు పోతే పోనీండి. ఆగకండి. ముందుకెళ్లిపోండి."

"చెడిపోయిన ముక్కమీద పనిచేయడం నాకు చేతకాదు మేడం."

"ఇది ముక్క కాదండీ, పాట. తప్పొచ్చినా పోతూనే ఉండాలి."

ఏడో వారంలో హెడ్‌ఫోన్లు లేకుండా ఇంట్లోవాళ్ల ముందు వాయించే సాయంత్రం ఒకటి పెట్టారు. "వచ్చినంతే వాయించండి, మీ ఆవిణ్ణి తీసుకురండి" అంది మేడం. నాలుగో వరుస కుదరలేదు, చివరి ప్రోగ్రాంకి తీసుకొస్తానన్నాడు. భార్య చెవుల సంగతి మేడంతో చెప్పనే లేదు. చెప్పి ఉంటే మేడమే ఆయన్ని రెక్క పట్టుకుని పియానో ముందు కూర్చోబెట్టేది.

ఇంట్లోనూ అదే తంతు. కాలేజీవాళ్లు ఇచ్చిన చిన్న కీబోర్డును భోజనాల బల్లమీద పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని సాధన చేసేవాడు. ఆవిడ అదే బల్లకు అటువైపు కూర్చుని కూరగాయలు తరిగేది.

"ఆ తీగ పీకేసి వాయించొచ్చుగా. నాకింకా కాస్త వినపడుతోందండీ."

"అయ్యాక విందువుగాని."

ఆలస్యం అమృతం విషం అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మిల్లీమీటర్ గారికి ఆ సామెత తెలుసు. అది తనకు కాదనుకున్నాడు.

పదకొండో వారంలో ఒక పొద్దున పొయ్యిమీద కుక్కరు వరసగా కూతలు పెడుతోంది. ఆవిడ దాని పక్కనే నిలబడి గిన్నె తుడుస్తోంది. ఆయన వెనకనుంచి రెండుసార్లు పిలిచాడు. ఆవిడ తిరగలేదు. వెళ్లి పొయ్యి కట్టేశాడు. తలెత్తి ఆయన ముఖం చూసి, సంగతి అర్థమై, ఆవిడ గిన్నె తుడవడం ఆపేసింది. నాలుగో వరుస సరిగ్గా ఆ వారమే కుదిరింది.

చివరి ప్రోగ్రాంలో, హాల్లో ఉన్న పెద్ద పియానో మీద ఆయన ఒక్క తప్పు లేకుండా వాయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న ఆవిడ పక్కవాళ్లను చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ కొట్టింది. ఆ ఆలస్యం ఆయన కంటపడింది. వంగి దండం పెట్టాల్సింది మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు.

ఇంటికొచ్చాక చొక్కా అయినా మార్చుకోకుండా కీబోర్డు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్ల తీగ పీకి పారేశాడు. మొదటిసారి ఆ ఇంట్లో పాట పైకి పలికింది. ఆవిడ వచ్చి తన కుర్చీలో కూర్చుని, బల్లమీద చేతులానించింది. నాలుగో వరుసలో ఆయన బొటనవేలు జారింది. ఆగలేదు. తప్పుతోనే చివరిదాకా వెళ్లాడు.

"రోజూ అక్కడిదాకా వచ్చి ఆగిపోయేవారు. మీరు నొక్కుతుంటే బల్ల అదిరేది, దాన్నిబట్టి తెలిసేది" అంది ఆవిడ. తన గొంతు ఎంత పైకి వస్తోందో ఆవిడకిప్పుడు తెలియడం లేదు. "ఇవాళ ఆగలేదు. అప్పుడే ఈ తీగ పీకేసుంటే, తప్పులతోనే వినేదాన్ని కదండీ."

"వినేదానివే" అన్నాడాయన, తల దించుకుని. అదీ ఆవిడకు వినపడలేదు.