కళ్లు మూసుకునే డాక్టరు

ఆరు వారాల విశ్రాంతిని మూడు వారాలకు బేరమాడిన మొనగాణ్ణి నేను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ప్రొద్దుటూరులో మా బట్టల కొట్టు పైఅరకు మూట ఎత్తుతుంటే కుడిభుజం కలుక్కుమంది. జమ్మలమడుగులో ఒక డాక్టరు దగ్గరికి పోయాను.

ఆయన కళ్లు మూసుకుని పరీక్ష చేసేవాడు. నొప్పి కనబడితే ఫీజు పెంచుతాడని నేను మొహం బిగించుకుని కూర్చున్నాను. ఆయన నా రెక్క ఎముక పైనున్న కండను వేళ్లతో తడిమాడు. చెయ్యి చాపించి, బొటనవేలు కిందికి తిప్పించి, "నేను అదుముతా, నువ్వు నిలుపు చూద్దాం" అన్నాడు. నా చెయ్యి దబ్బున పడిపోయింది.

"మొగాలు చూస్తే మోసపోతానప్పా, అందుకే కండ్లు మూసుకుంటా. చెయ్యి లేపే కండ చిరిగినట్టుండాది. ఆరు వారాలు బరువు ముట్టొద్దు."

"శానా ఎక్కువ సామీ, మూడుకు సరిపెట్టు."

ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. "నాదేముండాదప్పా, నీ కండనడుగు."

ఒప్పుకున్నాడనుకుని వచ్చేశాను. నాలుగో వారం మూట ఎత్తాను.

నిజం లెక్క ఇది. బేరంలో నాకు మిగిలింది మూడు వారాలు. కుడిచెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. పైఅర చీరలు ఇప్పటికీ మా ఆవిడే దించుతుంది. ఆ డాక్టరు తీసుకున్నది ఒక్క రూపాయి, మిగతాదంతా నేనే కట్టుకున్నాను.