ఒకే ఫోను, ఇద్దరు రోగులు

ఆ కబురు నాకు మొదట చెప్పింది రహీమున్నీసా గారు. మచిలీపట్నంలోని ఒక ఆస్పత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటర్ చూసేవారు. గుడివాడలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ ఆస్పత్రికి అపాయింట్‌మెంట్ల వెబ్‌సైటు చేసింది. నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు దాని బాధ్యత నాకు అప్పగించారు. బడికి వెళ్లకుండా ఇంట్లోనే నాన్నగారి దగ్గర చదువుకున్నదాన్ని. అలాంటి నాకు ఆ బాధ్యత భగవంతుడు ఇచ్చిన పనిగానే తోచింది.

"మా నాంచారమ్మ డయాలసిస్ టైము దానంతటదే రద్దయిపోయింది మేడమ్" అన్నారావిడ ఫోన్లో. హంసలదీవి నుంచి వచ్చే నాంచారమ్మకూ ఆమె తోడికోడలికీ ఒకటే ఫోను. తోడికోడలు తన కంటి పరీక్ష రద్దు చేసుకుంటే, సైటు నాంచారమ్మ డయాలసిస్‌ని తీసేసింది. రహీమున్నీసా గారు డాక్టరు గారిని బతిమాలి ఆ పూటకి ఎలాగో చేయించారు. ఆమెకి మళ్లీ డయాలసిస్ వంతు మూడో రోజున.

"నంబరుకి ఒక్క మనిషేనని మీకెవరు చెప్పారండీ? ఇక్కడ ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోనుంటది" అన్నారు రహీమున్నీసా గారు.

ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. సైటులో ప్రతి పేజీని నడిపించే కోడ్‌ని కంట్రోలర్ అంటారు. వాటన్నిటికీ తల్లి బేస్ కంట్రోలర్. ఫోను నంబరు చూసి రోగి ఎవరో తేల్చే మెథడ్‌ని, అంటే ఆ ఒక్క పనీ చేసే కోడ్ ముక్కని, అందులో రాసింది నేనే. అది ప్రైవేట్, అంటే బయటి కోడ్ దాన్ని నేరుగా పిలవడం కుదరదు. కోడ్‌ని ముక్కముక్కగా పరీక్షించే మా యూనిట్ టెస్టులూ బయటి కోడే కనుక దాన్ని ఎవరమూ పరీక్షించలేదు.

ఆ ప్రైవేట్ తీసేసి టెస్టు రాస్తానన్నాను. మా టీమ్ లీడ్ కిశోర్ నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. "తాళం పడుతుందో లేదో చూడ్డానికి తలుపు ఊడదీస్తామా అక్కా?" అని నవ్వి, పక్కన కూర్చున్నాడు. టెస్టు కోసమే బేస్ కంట్రోలర్‌కి, తల్లి కోడ్ అంతా వాడుకునే ఒక పిల్ల కంట్రోలర్ తయారుచేశాం. ఒకే నంబరుతో ఇద్దరు రోగుల్ని చేర్చి, ఒకరి అపాయింట్‌మెంట్ రద్దు చెయ్యమన్నాం. రెండోవారిది పోయింది. టెస్టు తప్పిందన్న గుర్తుగా తెర మీద ఎర్రబడింది. నా తప్పు కంటికి కనబడినందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఫోను నంబరుతో పాటు, రోగికి ఆస్పత్రి ఇచ్చే కార్డు నంబరు కూడా చూసేలా మెథడ్ మార్చాను. టెస్టు పచ్చబడింది. తల్లి కంట్రోలర్‌లోనే మార్చడంతో అన్ని పేజీలూ సరయ్యాయి.

మూడో రోజు పొద్దున్నే రహీమున్నీసా గారు ఫోన్ చేశారు. "నాంచారమ్మకి మెషీను పెట్టారండీ. టీవీ సౌండు పెంచమని నన్ను కేకలేస్తోంది."

ప్రైవేట్ మెథడ్‌ని నేరుగా పిలవనక్కర్లేదు. దాని ఫలితం బయట ఎవరి మీద పడుతుందో అక్కడ పరీక్షిస్తే చాలు. అయితే ఆ టెస్టులో రెండో మనిషి కూడా ఉండాలని, రహీమున్నీసా గారు ఫోన్ చేసేదాకా నాకు తోచలేదు, కిశోర్‌కీ తోచలేదు. మీరు ఈ పనిలో ఉన్నవారైతే, టెస్టు రాయడానికి కూర్చున్నప్పుడు రహీమున్నీసా గారిని ఒక్కసారి తలుచుకోండి.