రేడియేటరు మీద చెయ్యి

ఎనభైల్లో ఎమ్మిగనూరులో మా మామగారికి ఒక పాత జీపుండేది. అది నీళ్లు కార్చినప్పుడల్లా ఆదోనిలో ఉండే నా తోడల్లుడికి కబురు వెళ్లేది. నేను ఆ ఇంట్లోనే కూర్చుని ఉన్నా సరే.

ఒక వేసవిలో ఆ తోడల్లుడు లుంగీ ఎగ్గట్టి, ఇంజను మొత్తం ఊడదీసి పెరట్లో జంపఖానా మీద పరిచాడు. మళ్లీ బిగించి, స్టార్టు చేసి, రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. ఎప్పుడూ అంతే. ఇల్లంతా ఆ చేతినే చూసేది.

"ఇంగేం భయం లేదు మామా" అన్నాడు.

ఆ పూట తొలి భక్ష్యం ఆయన విస్తట్లోనే పడింది. ఆ చెయ్యి ఒక్కసారైనా చుర్రుమని కాలితే చూడాలనుండేది నాకు.

తర్వాత పంతానికి నేనూ ఒక జీపు కొన్నాను. కోడుమూరు సంత నుంచి మా ఆవిడతో వస్తుంటే అదీ కారింది. బానెట్ ఎత్తి దిక్కులు చూస్తున్నాను. ఆవిడ సంచిలోంచి పసుపు పొట్లం తీసింది.

"సన్న చిల్లయితే మా బావ ఇదే ఏస్తాడు. నీళ్లలో కలిపి పోసి సూడండి."

పోశాను. కాసేపటికి కారడం ఆగింది. ఆవిడ వంగి రేడియేటరు మీద అరచెయ్యి ఆనించింది, అచ్చం ఆయనలాగే.

మళ్లీ కారితే బాగుండునని దాని వంకే చూస్తూ నిలబడ్డాను.