తుడిచేసిన సుద్ద గుర్తు

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లయింది. మా చర్చిలో సాయంత్రం పూట నేర్పారు. అయినా ఇన్నాళ్లూ ఇది రాయలేదు. అక్షరాలు రానన్నాళ్లూ నాకు రాయడం రాదుగా అని సరిపెట్టుకున్నాను. వచ్చాక ఆ సాకు పోయి, భయం మిగిలింది.

మా ఆయన నాగాయలంక రేవులో చెక్క పడవలు కట్టేవారు. పడవ సగమయ్యాక ఆసామి వచ్చి ఏదో ఒకటి మార్చమనడం మామూలే. అప్పుడాయన సుద్దముక్క తీసుకుని, ఆ మార్పు వల్ల ఇంకేమేం మార్చాలో వాటన్నిటి మీదా గుండ్రాలు చుట్టేవారు. ఒక్కో పని అయ్యాక ఆయన చెబితే ఆ గుర్తు తుడవడం నా వంతు.

ఒకాయన పెద్ద ఇంజను పెట్టమన్నారు. ఇంజను కూర్చునే దిమ్మకీ, షాఫ్టుకీ, చుక్కానికీ గుండ్రాలు పడ్డాయి. చివరికి వెనక పక్క, పడవలో చేరిన నీళ్లు బయటికి పోయే కన్నానికి కూడా.

"ఇంజనెక్కడ, ఆ కన్నమెక్కడ? దీనికీ చుట్టరికమేనా?" అన్నాను.

"బరువుకి వెనక దిగిపోద్దే. కన్నం నీళ్లలోకి పోద్ది. పెళ్లికి ఒకళ్లని పిలిస్తే వాళ్ల వియ్యాలవారినీ పిలవాలి గదా. దీన్ని పైకి మార్చాలి" అని నవ్వారు.

పాస్టరుగారు ప్రార్థనకు వస్తున్నారని, పడవ శుభ్రంగా ఉండాలని, నేను తడిగుడ్డతో మొత్తం తుడిచేశాను. తర్వాత మా ఆయన వచ్చి చూశారు. ఒక్క గుర్తూ లేదు. పనులన్నీ అయ్యాయనుకున్నారు.

ఆ పడవలో మా తమ్ముడు వెళ్లాడు. గాలి లేచినప్పుడు కన్నంలోంచి నీళ్లెక్కాయి. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డు చేరారు.

"కన్నానికి గుర్తెయ్యలేదంటావా? నువ్వు చూశావా?" తను పోయేదాకా అడుగుతూనే ఉన్నారు మా ఆయన.

"నాకు జ్ఞాపకం లేదండి" అనేదాన్ని.

ఇప్పటికీ గుడ్డ పిండుతుంటే వేళ్లకు సుద్ద తగులుతున్నట్టే ఉంటుంది.

నిన్న మా అబ్బాయి కడుతున్న పడవకూ పెద్ద ఇంజను అడిగారు. సుద్ద గుర్తులు వెయ్యరా అన్నాను.

"నాన్న గుర్తులే గదమ్మా మావయ్యని ముంచింది. కొలతలు తీసుకున్నాన్లే" అన్నాడు.

ఇంటికొచ్చి, పొద్దు ఉండగానే ఇదంతా రాశాను.

తెల్లారి రేవుకు వెళ్లి, వాడి ముందు నిలబడి, కూడబలుక్కుంటూ చదివాను. వాడు చేతిలో ఉలి కింద పెట్టాడు. నేను పడవ వెనక్కి వెళ్లి ఆ కన్నం చుట్టూ గుండ్రం గీశాను. పక్కనే అక్షరాల్లో, ఇది పైకి మార్చాలి అని రాశాను.